రెండు రివెట్ల బెజ్జాలు

లారీ మీంచి దింపుతుంటేనే
ఆటోనగర్ మూడో రోడ్డంతా తుమ్మింది.
గుంటూరు మిర్చి గోడౌన్లో పంతొమ్మిదేళ్లు పడుకున్న కారు
తలుపు తియ్యగానే ఎర్రటి ఊపిరి వదిలింది.
మస్తాన్‌వలి కళ్ళు తుడుచుకుంటూ
"జపాన్‌దన్నారు, ఇది తేజా రకం కదరా" అన్నాడు.

మూడొందలే చేశారట.
చేసి, అచ్చులు పగలగొట్టేశారట.
పొగాకు బేరంలో ఓడెక్కి వచ్చి
అన్నదమ్ముల దావాలో ఎవరిదీ కాకుండా
బస్తాల వెనక నిలబడిపోయింది.
స్టీరింగు మనవైపే ఉందని
మా కుర్రాడు రోజంతా ఆశ్చర్యపోయాడు.

పద్నాలుగు నెలలు.
టర్బో గొంతులో ఎలక గూడు, గూట్లో మిర్చి గింజలు.
రేకు కింద రేకు, తుప్పు కింద
ఇంకా తళతళలాడే ఓ జానెడు నీలం.
ఆ నీలం కలపడానికే మస్తాన్‌కి
పదకొండు డబ్బాలు, రెండు పండగలు పట్టాయి.
ఒసాకా నుంచి ఒక్క రబ్బరు సీలు వచ్చింది,
చేత్తో రాసిన చీటీ చుట్టుకొని.
చదివేవాడు బెజవాడలో నాకు దొరకలేదు.
లేత్ మీద అంటించుకున్నాను.
జాగ్రత్త అనే రాసుంటాడు.
ఇంకేం రాస్తాడు, సీలు పంపేవాడు?

అంతా అయ్యాక చిన్నబాబుగారొచ్చి
డాష్‌బోర్డు కింద వేలు పెట్టి చూపించారు.
రెండు రివెట్ల బెజ్జాలు.
మూడొందల్లో ఇది ఎన్నోదో చెప్పే బిళ్ళ
ఉండాల్సిన చోటు.
అది లేకపోతే సగం ధరేనట.
"అమ్మానాన్నల్ని తప్ప అన్నీ చేస్తారుగా ఆటోనగర్లో,
నువ్వు చెయ్యలేవా సువార్తరాజూ?"
చెయ్యగలను. ఏ నంబరు కొట్టను?
"నూట పదహారు కొట్టు. శుభం."

అల్యూమినియం ముక్క కోశాను.
అంకెల పంచ్‌లు తీశాను.
ఒకటి కొట్టాను.
రెండో ఒకటి దగ్గర సుత్తి ఆగింది.
ఎన్ని నకళ్ళు చెయ్యలేదు నేను!
లేలాండు పళ్ళచక్రాలు, ట్రాక్టరు బుష్‌లు,
ఒరిజినల్ కంటే నాదే ఎక్కువ కాలం తిరిగిన పంపు షాఫ్టు.
అవన్నీ అరిగేవి. అంకె అరగదు.
ఎక్కడో అసలు నూట పదహారు
దుప్పటి కింద పడుకొనుంటుంది.
దాని పేరుతో దీన్ని పిలిస్తే
ఏది పలకాలి?

ఆదివారం ప్రార్థన ఎగ్గొట్టి గుంటూరు బస్సెక్కాను.
గోడౌన్ పడగొట్టేశారు.
యార్డు గేటు దగ్గర పునుగులు వేస్తున్నావిడ,
అప్పటి వాచ్‌మన్ కూతురు నాగరత్తమ్మ,
జల్లిగరిటె దింపకుండానే నవ్వింది.
"బిళ్ళా? అది నా తొక్కుడుబిళ్ళ!
చెంచాతో ఊడదీశాను.
జారదు, పగలదు, గీత మీద పడదు.
ఆ బిళ్ళున్నన్నాళ్లూ మా పేటలో నన్ను గెలిచినోళ్ళు లేరు."

చిల్లర డబ్బా అడుగునుంచి తీసిచ్చింది.
అంకె అరగదనుకున్నాను.
మొదటిది రెండు కావచ్చు.
చివరిది ఏడో, ఒకటో.
మధ్యది
ఒంటికాలి గెంతుల్లో
గోడౌన్ సిమెంటు తినేసింది.

డబ్బిస్తే తీసుకోలేదు.
పునుగులకి మాత్రం లెక్కగా ముప్పై తీసుకుంది.

"ఇదేం బిళ్ళయ్యా, చదవడానికే లేదు,
మళ్ళీ చెక్కు" అన్నారు చిన్నబాబుగారు.
నేను మాట్లాడలేదు.
రివెట్లు రెండూ బిగించేశాను.
బెజ్జాలకి బిళ్ళ సరిగ్గా కూర్చుంది,
వెంట్రుక సందు లేదు.
దాన్ని కొన్నాయనకి ఆయనేం చెప్పుకున్నారో నాకు తెలీదు.
బందరు రోడ్డు మీద బండి వెళ్తుంటే
మస్తాన్ మాత్రం శబ్దం పోయేదాకా
చెయ్యి తుడుచుకుంటూ నిలబడ్డాడు.

ఒక్క ఒకటి కొట్టి వదిలేసిన నా ముక్క
సొరుగులోనే ఉంది.
మనవరాలు కనిపెట్టి అడుగుతోంది.
ఇంకా ఇవ్వలేదు.
అంచులు రుద్దాలి ముందు.